అమెరికాలో సిటీ మీద పౌర హక్కుల కేసు: సెటిల్‌మెంట్ దాకా వస్తే కుటుంబం ఏం చేయాలి

"సిటీ వాళ్లు సెటిల్‌మెంట్‌కి వస్తున్నారట అన్నా, ఒప్పేసుకోమంటావా?" పోలీసుల చేతిలో మనిషి దెబ్బతిని సిటీ (నగర ప్రభుత్వం) మీద కేసు వేసిన కుటుంబం నుంచి, ఫోన్ ఎత్తగానే ఇదే ప్రశ్న. నేను లాయర్‌ని కాదు. కోర్టుల్లో, మధ్యవర్తుల దగ్గర తెలుగు కుటుంబాల పక్కన కూర్చుని మాట అటూ ఇటూ చేరవేసే దుబాసీని. ఒప్పుకోవాలో వద్దో చెప్పడం నా పని కాదు. ఒప్పుకునే ముందు ఏ కాగితం చూడాలి, ఎవరిని ఏం అడగాలి అన్నది మాత్రం ప్రతిసారీ అదే చెబుతున్నాను కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను. కేసు మీ రాష్ట్రంలో ఎలా నడుస్తుందో మీ లాయరే చెప్పాలి.

ఇలాంటివి మనకెందుకు వస్తాయి అనుకోకండి. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో సురేశ్‌భాయ్ పటేల్ అనే గుజరాతీ పెద్దాయన మనవణ్ని చూసుకోవడానికి కొడుకింటికి వచ్చారు. పొద్దున పూట వీధిలో నడుస్తుంటే పోలీసులు ఆపారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఒక పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు, ఒళ్లు పాక్షికంగా చచ్చుబడింది. అదే నెలలో కేసు వేశారు. 17.5 లక్షల డాలర్లకు సెటిలైంది 2021లో. మన అమ్మానాన్నలూ ఆరు నెలల వీసా మీద వచ్చి, స్వెటరు వేసుకుని అలాగే వాకింగ్‌కి వెళతారు కదా.

చట్టం గురించి నాలుగు ముక్కలు చాలు. ఈ కేసులు ఎక్కువగా 1871 నాటి చట్టం కింద, అందరూ 'సెక్షన్ 1983' (ఏడాది కాదు, సెక్షన్ నంబరు) అనే దాని కింద వేస్తారు. అది పౌరులకే కాదు, ఆ నేల మీద ఉన్న ఏ మనిషికైనా వర్తిస్తుంది. రెండోది, ఉద్యోగి తప్పు చేసినంత మాత్రాన సిటీ బాధ్యురాలు కాదు. అది సిటీ విధానం వల్లనో, పాతుకుపోయిన అలవాటు వల్లనో, శిక్షణ ఇవ్వకపోవడం వల్లనో జరిగిందని చూపించాలని 1978లో సుప్రీంకోర్టు మొనెల్ కేసులో తేల్చింది. మూడోది, బుద్ధి చెప్పడానికని వేసే అదనపు పరిహారం సిటీ మీద వేయడానికి వీల్లేదు, అది 1981 నాటి తీర్పు. నాలుగోది, పోలీసు తనకు చట్టపరమైన రక్షణ ఉందంటూ కేసు మధ్యలోనే అప్పీలుకు వెళ్లవచ్చు. పటేల్ కేసు అప్పీలు కోర్టులో తేలింది 2020లో. ఆ రక్షణ చెల్లదని అక్కడ తేలాక మరుసటి ఏడాది సెటిలైంది. బేరంలో సిటీ లాయర్లు బిగదీసేది ఈ చివరి మూడు కారణాల మీదే.

దగ్గర పెట్టుకోవలసినవి

- లాయర్‌తో చేసుకున్న ఫీజు ఒప్పందం, మీ సంతకం ఉన్న కాపీ. చాలామంది దగ్గర ఇది ఉండదు.
- ఆసుపత్రి బిల్లులన్నీ, ఏ ఇన్సూరెన్స్ ఎంత కట్టిందో చూపే కాగితాలు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కట్టినా సరే.
- మనిషి చనిపోయి ఉంటే డెత్ సర్టిఫికెట్, ఎస్టేట్‌కు (పోయిన మనిషి ఆస్తులు, హక్కులకు) ప్రతినిధిగా కోర్టు ఒకరిని నియమించిన ఉత్తర్వు.
- తల్లిదండ్రులు ఇండియాలో ఉంటే తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. తెలుగులో ఉంటే అనువాదం, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లడానికి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) కావాలేమో ముందే అడగండి.
- అందరి పాస్‌పోర్టు మొదటి పేజీలు. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.
- ఒక నోటు పుస్తకం. ఎవరు ఏ తేదీన ఏమన్నారో అందులో మీ చేత్తో రాయండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం రాయకండి. అవతలి పక్షం కోర్టు ద్వారా ఆ మెసేజీలు అడిగి తెప్పించుకోగలదు.

1. కేసు వేసే గడువు ఆగిందో లేదో కాగితం మీద చూసుకోండి

సిటీ తరఫు మనిషి మర్యాదగా మాట్లాడుతూ "మాట్లాడుకుందాం, తొందరేముంది" అంటాడు. అతను మాట్లాడుతున్నంత సేపూ గడియారం తిరుగుతూనే ఉంటుంది. రాష్ట్ర చట్టం కింద కూడా అడగాలంటే సిటీకి ముందుగా నోటీసు ఇవ్వాలి. న్యూయార్క్‌లో 90 రోజులు, కాలిఫోర్నియాలో 6 నెలలు. సెక్షన్ 1983కి ఆ నోటీసు అక్కర్లేదు కానీ దానికీ గడువుంది, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెన్నెసీ, కెంటకీల్లో ఏడాదే. టెక్సస్, కాలిఫోర్నియాల్లో రెండేళ్లు, న్యూయార్క్‌లో మూడేళ్లు. చర్చలు నడుస్తున్నాయి కదా అని కేసు వేయకుండా ఉండాలంటే, గడువు ఆపుతున్నట్టు రెండు పక్షాలూ సంతకం చేసిన కాగితం ఉండాలి. లేదా కేసు వేసేసి, ఆ తర్వాత మాట్లాడుకోండి. నాకు రెండోదే నయమనిపిస్తుంది.

బాడీ కెమెరా వీడియో, 911 ఫోన్ రికార్డు చెరిపేయకుండా భద్రపరచమని లాయర్ లెటర్ పంపారా? పంపితే కాపీ అడిగి తీసుకోండి.

2. క్రిమినల్ కేసు ఉంటే దాని సంగతి ముందు

కొట్టినవాళ్లే కొట్టించుకున్న మనిషి మీద 'ఎదురు తిరిగాడు' అని చిన్న కేసు పెట్టడం మామూలే. "యాభై డాలర్ల ఫైనే కదా, ఒప్పేసుకుంటే పోతుంది" అని తెలిసినవాళ్లు సలహా ఇస్తారు. ఆ ఒప్పుకోలు మీ సివిల్ కేసును మొత్తంగా ముంచేయవచ్చు, వీసా మీదా ప్రభావం పడవచ్చు. ఇంకొకటి, "ఆ కేసు కొట్టేస్తాం, మీరు దావా వేయనని రాసివ్వండి" అని అడగడమూ ఉంది. షరతులకు లోబడి అలాంటి ఒప్పందం చెల్లుతుందని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మూడు కాగితాలు, ముగ్గురు లాయర్లు: సివిల్, క్రిమినల్, ఇమిగ్రేషన్. ఒకరికి తెలియకుండా ఇంకొకరి దగ్గర సంతకం పెట్టకండి.

సివిల్ కేసు వేయడం దానంతటదే వీసా షరతు తప్పడం కాదు. ఈ భయంతోనే సగం కుటుంబాలు మొదటి ఆరు నెలలు పోగొట్టుకుంటాయి.

3. సంతకం ఎవరిది, పేరు ఎలా ఉంది

మనిషి బతికి ఉంటే సంతకం ఆయనదే. చనిపోతే కోర్టు నియమించిన ప్రతినిధిది. 'పెద్ద కొడుకుని కదా' అంటే అక్కడ చెల్లదు. మరణానికి పరిహారం ఎవరెవరికి దక్కుతుందో ఆ రాష్ట్ర చట్టం చెబుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2019 దాకా, ఎదిగిన బిడ్డ చనిపోతే అమెరికాలో ఉండని తల్లిదండ్రులకు అడిగే హక్కే లేదు. ఆ ఏడాది చట్టం మార్చారు. 2023 జనవరిలో సియాటెల్‌లో పోలీసు కారు ఢీకొని చనిపోయిన ఆదోని అమ్మాయి ఇంటివాళ్ల దావా అదే రాష్ట్రంలోది, ఈ మార్పు తర్వాతిది. మీ రాష్ట్రంలో ఇండియాలో ఉన్న తల్లిదండ్రుల స్థానం ఏమిటో మొదటి రోజే అడగండి.

ఇక పేర్లు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, బ్యాంకులో ఒక్క అక్షరం చుక్క. వీసాలో అసలు ఒకే పేరు. అమెరికా గుమస్తాకు ఇవి నలుగురు మనుషులు. ఒప్పందంలో, కోర్టు ఉత్తర్వులో, చెక్కు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అదే వరుసలో ఉండాలని లాయర్‌కి ఈమెయిల్‌లో రాయండి. బ్యాంకు ఖాతా పేరు వేరుగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. చెక్కు వచ్చాక మొదలుపెడితే నెలలు పడుతుంది.

4. అంకె కంటే ముందు కోరికల జాబితా

ఇంట్లో అందరూ కూర్చుని, డబ్బు కాకుండా ఇంకేం కావాలో రాయండి. శిక్షణ మార్చమనా? భాష రానివాళ్లతో ఎలా వ్యవహరించాలో నియమం పెట్టమనా? కమిషనరుతో ముఖాముఖి కూర్చోవాలనా? 2020 సెప్టెంబరులో లూయీవిల్ నగరం, సోదాకు వచ్చిన పోలీసుల కాల్పుల్లో చనిపోయిన బ్రియోనా టేలర్ కుటుంబంతో 1.2 కోట్ల డాలర్లకు సెటిల్ చేసుకున్నప్పుడు, సోదా వారంట్లకు పైఅధికారి ఆమోదం ఉండాలన్న మార్పు కూడా ఒప్పందంలో భాగమే. ఇలాంటివి కేసు గెలిచినా జ్యూరీ ఇవ్వదు. బేరంలోనే దొరుకుతాయి, అదీ అంకె తేలకముందు అడిగితేనే. అంకె తేలాక అడిగితే అవతలివాళ్లు గడియారం చూస్తారు.

'తప్పు మాదే' అన్న మాట మాత్రం దాదాపు దొరకదు. క్లీవ్‌లాండ్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 12 ఏళ్ల టమీర్ రైస్ కేసు 2016లో 60 లక్షల డాలర్లకు సెటిలైంది, అందులోనూ సిటీ తప్పు ఒప్పుకోలేదు. ఆ మాట లేకపోతే వద్దనుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. దానికి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి: విచారం తెలిపే లేఖ, బాధితుడి పేరు మీద స్కాలర్‌షిప్, సిటీ కౌన్సిల్ సమావేశంలో కుటుంబం మాట్లాడే అవకాశం.

5. చేతికొచ్చేది లెక్క కట్టండి

టీవీలో వచ్చే అంకె మీ అంకె కాదు. ఊహకి ఒక లెక్క చూద్దాం. సెటిల్‌మెంట్ 10,00,000 డాలర్లు, ఫీజు 40 శాతం, కేసు ఖర్చులు 70,000, ఆసుపత్రి బాకీ 60,000.

ఫీజు మొత్తం మీద పట్టుకుంటే: 4,00,000 + 70,000 + 60,000 పోగా 4,70,000.
ఖర్చులు తీసేశాక మిగిలినదాని మీద పట్టుకుంటే: ఫీజు 3,72,000. చేతికి 4,98,000.

ఒక్క వాక్యం తేడా, 28,000 డాలర్లు. ఆ వాక్యం మీ ఫీజు ఒప్పందంలో ఎలా ఉందో చూడండి. ఆసుపత్రి, ఇన్సూరెన్స్ బాకీలు తగ్గించమని అడగడం మామూలే, లాయర్ అడిగారో లేదో కనుక్కోండి. గాయపడ్డ మనిషి ఆదాయాన్ని బట్టి ఇచ్చే ప్రభుత్వ సాయం మీద ఉంటే, ఒకేసారి డబ్బు పడితే ఆ సాయం ఆగవచ్చు. దానికి ప్రత్యేక ట్రస్టు ఉంటుంది, చెక్కు రాకముందే పెట్టాలి.

ఒంటికి తగిలిన గాయానికి, దానివల్ల జరిగిన మరణానికి ఇచ్చే పరిహారం మీద ఫెడరల్ ఆదాయ పన్ను ఉండదు. గాయం లేకుండా కేవలం మానసిక వేదనకు ఇచ్చినదాని మీద, వడ్డీ మీద ఉంటుంది. అందుకే ఒప్పందంలో ఏ డబ్బు దేనికో రాయించాలి. రాసేముందు సీపీఏకి (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్‌కి) చూపించండి. అమెరికాలో ఉండని తల్లిదండ్రులను డబ్ల్యూ-9 అనే పన్ను ఫారం నింపమంటే ఆగండి. అది అక్కడివాళ్ల ఫారం, బయటివాళ్లకు డబ్ల్యూ-8బెన్.

6. మధ్యవర్తి దగ్గర ఆ రోజు

రెండు గదులు. మీరొక గదిలో, సిటీ వాళ్లు ఇంకో గదిలో. మధ్యవర్తి తిరుగుతుంటారు, సాధారణంగా రిటైరైన జడ్జి. పొద్దున తొమ్మిదికి మొదలై రాత్రి దాకా సాగవచ్చు. చాలాసేపు ఎదురుచూడటమే పని.

నేను కూర్చున్న ఒకదాంట్లో (ఊరు చెప్పను) ఆ అమ్మ స్టీలు డబ్బాలో పులిహోర కట్టుకొచ్చింది. నాలుగు దాటినా మూత తీయలేదు. సిటీ మొదటి అంకె చీటీ మీద వచ్చింది. చూసి, "ఇదా మా పిల్లాడి ఖరీదు?" అంది. అది నేను ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పాను. మధ్యవర్తి కళ్లజోడు తీసి, "పిల్లాడిది కాదమ్మా, కేసుది. పిల్లాడికి ఖరీదు కట్టే గది ఇది కాదు" అన్నాడు. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత డబ్బా తీసి అందరికీ పెట్టింది, ఆయనకూ పెట్టింది. మొదటి అంకె అవమానంగానే ఉంటుంది. దాన్ని విని లేచి వెళ్లిపోయిన కుటుంబాలను చూశాను, మళ్లీ అదే గదికి రావడానికి ఏడాది పట్టింది. సియాటెల్ కేసులో ఒక పోలీసు అధికారి నవ్వుతూ '11 వేలకు చెక్కు రాస్తే సరి' అన్నది కెమెరాలో రికార్డయింది. కుటుంబం దావాలో 11 కోట్ల డాలర్లకు పైన ఇంకో 11 వేలు కలిపి అడిగింది. అవమానానికి జవాబు కాగితం మీద ఇలా కూడా ఇవ్వచ్చు.

ఆ రోజుకి చూసుకోవలసినవి:

- సిటీ తరఫున వచ్చిన మనిషికి ఎంతవరకు ఒప్పుకునే అధికారం ఉందో మొదటి గంటలోనే మధ్యవర్తి ద్వారా అడిగించండి. పెద్ద మొత్తమైతే కౌన్సిల్ ఓటు కావాలి. న్యూయార్క్ నగరంలో కంప్ట్రోలర్ (నగర లెక్కలు చూసే అధికారి) ఆఫీసు ఆమోదం కావాలి.
- దుబాసీగా కుటుంబసభ్యుణ్ని పెట్టకండి. కొడుకు తల్లికి నచ్చనిది మింగేసి చెబుతాడు, తప్పు పట్టలేం. బయటివాళ్లని అడగండి, ముందుగా చెబితే ఏర్పాటు చేస్తారు.
- ఇండియాలో ఉన్న నాన్న ఫోన్‌లో ఉండాలంటే, అక్కడ అర్ధరాత్రి అవుతుందని గుర్తుంచుకుని ముందే మాట్లాడి ఉంచండి.
- రాత్రి తొమ్మిదికి అలసిపోయి "ఏదో ఒకటి కానీ" అనకండి. ఇంకో రోజు పెట్టుకుందామనడం తప్పు కాదు.

7. 'రూల్ 68' అని కాగితం వస్తే ఆ రోజే ఫోన్ చేయండి

ఇది సిటీ పంపే మామూలు ఆఫర్ లాగే కనబడుతుంది కానీ కాదు. 14 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాదని, తర్వాత తీర్పులో అంతకంటే ఎక్కువ రాకపోతే, ఆఫర్ తర్వాతి ఖర్చులు మీ మీద పడతాయి. 1985 నాటి తీర్పు ప్రకారం, గెలిచినా సిటీ నుంచి రావలసిన మీ లాయర్ ఫీజులో ఆ తర్వాతి భాగం పోతుంది. ఆఫర్‌లో ఫీజు కలిసి ఉందా, వేరుగానా అన్నది చూడండి. ఆ ఒక్క మాట మీదే అంతా ఉంటుంది.

8. ఒప్పందం చదవడం

మీకు పంపేది పది పన్నెండు పేజీలుంటుంది. దుబాసీని పెట్టుకుని వాక్యం వాక్యం చెప్పించుకోండి, సిగ్గుపడకండి. నేను ముందు వెతికేవి ఇవి.

ఎవరి మీద కేసు వదిలేస్తున్నారు? 'సిటీ, దాని ఉద్యోగులు' అంటే సరే. 'ఇంకెవరైనా' అని ఉంటే ఆసుపత్రి మీదో ఆంబులెన్స్ కంపెనీ మీదో ఉన్న కేసు కూడా పోతుంది.

సిటీ తనకు మీ నుంచి రావలసిన బాకీ కూడా వదిలేస్తోందా? టమీర్ రైస్ చనిపోయాక ఆంబులెన్స్ ఖర్చు 500 డాలర్లు కట్టమని క్లీవ్‌లాండ్ నగరం అతని ఎస్టేట్‌ను అడిగింది. గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. ఇలాంటివి ఉంటాయి.

నోరు మెదపకూడదన్న షరతు ఉందా? ప్రభుత్వ సంస్థతో ఒప్పందం సాధారణంగా పబ్లిక్ రికార్డే, అంకె ఎలాగూ బయటికి వస్తుంది. కుటుంబం మాట్లాడకూడదని రాస్తే కొట్టేయమనండి. బాల్టిమోర్ సెటిల్‌మెంట్‌లో అలాంటి షరతును 2019లో ఫెడరల్ అప్పీలు కోర్టు చెల్లదంది. అన్ని రాష్ట్రాల్లోనూ అలాగే తేలుతుందని గ్యారంటీ లేదు, కాబట్టి సంతకానికి ముందే తీయించాలి.

డబ్బు ఎప్పుడు? తేదీ ఉండాలి. ఆలస్యమైతే వడ్డీ ఎంతో ఉండాలి. విడతలైతే ప్రతి విడతకీ తేదీ. క్లీవ్‌లాండ్ 30 లక్షలు 2016లో, మిగతా 30 లక్షలు 2017లో ఇస్తానంది. నెలనెలా వచ్చే ఏర్పాటు కావాలంటే అదీ ఇక్కడే రాయాలి. డబ్బు చేతికి వచ్చాక మార్చుకోవడం కుదరదు.

మాట తప్పితే ఏ కోర్టు? కేసు కొట్టేశాక ఫెడరల్ జడ్జికి ఒప్పందం అమలు చేయించే అధికారం దానంతటదే ఉండదు. 1994 నుంచి ఇదే రూలు. 'ఈ ఒప్పందం అమలు అధికారం కోర్టు తన దగ్గర ఉంచుకుంటోంది' అని కోర్టు ఉత్తర్వులోనే ఉండాలి. శిక్షణ మారుస్తామని సిటీ మాటిచ్చిన కేసుల్లో ఇది మరీ ముఖ్యం.

9. ఆమోదాలు

కౌన్సిల్ ఓటు పడేదాకా సెటిల్ కాలేదనే అనుకోండి. బంధువులకు చెప్పకండి, ఇల్లు చూడకండి. పోలీసు మోకాలి కింద నలిగి చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ కుటుంబానికి 2.7 కోట్ల డాలర్లకు మినియాపోలిస్ కౌన్సిల్ ఓటు వేసింది 2021 మార్చి 12న. అప్పటికి ఆ పోలీసు మీద క్రిమినల్ కేసులో జ్యూరీని ఎంపిక చేస్తున్నారు. తేదీ మీ చేతిలో ఉండదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

వాటాదారుల్లో మైనర్ ఉంటే జడ్జి విడిగా ఆమోదించాలి. డబ్బు పిల్లల పేరు మీద బ్యాంకులోనో ట్రస్టులోనో ఉంటుంది, తల్లి కూడా కోర్టు అడక్కుండా తీయలేదు. వాటాలు ఎలా పంచాలో కుటుంబంలోనే గొడవైతే అదీ జడ్జి దగ్గరికే వెళుతుంది. అత్తగారికీ కోడలికీ వేరు వేరు లాయర్లు అవసరమైన కేసు ఒకటి చూశాను. పక్క గదిలో సిటీ వాళ్లు హాయిగా కాఫీ తాగుతున్నారు.

10. చెక్కు వచ్చాక

డబ్బు ముందు లాయర్ ట్రస్టు ఖాతాలోకి వెళుతుంది. అక్కడి నుంచి పంపకాల పట్టిక ఇస్తారు. సంతకం పెట్టే ముందు:

- పట్టికలో మొత్తం, ఒప్పందంలో మొత్తం ఒకటేనా?
- ఫీజు శాతం మీ కాపీలో ఉన్నదేనా, ఏ మొత్తం మీద పట్టుకున్నారు?
- ఖర్చుల ప్రతి వరుసకీ రశీదు ఉందా? 'ఇతరములు' అని పెద్ద అంకె ఉంటే అడగండి.
- ఆసుపత్రి, ఇన్సూరెన్స్ వాళ్లు 'మాకు ఇంకేమీ బాకీ లేదు' అని ఇచ్చిన లేఖ కాపీ ఉందా? ఇది లేకుండా ఫైలు మూయనివ్వకండి. రెండేళ్ల తర్వాత వసూలు ఏజెన్సీ నుంచి ఫోన్ వస్తుంది.
- కేసు కొట్టేయమని కోర్టుకు ఇచ్చే కాగితం డబ్బు జమయ్యాక వెళ్లేలా ఉందా, ముందే వెళ్లిపోయిందా? కేసు నంబరుతో కోర్టు రికార్డులో మీరే చూసుకోవచ్చు.
- సిటీ ఇచ్చిన డబ్బు కాని హామీలకు ఒక్కోదానికీ తేదీ, బాధ్యుడి హోదా రాసిపెట్టుకున్నారా? ఆరు నెలలకోసారి పబ్లిక్ రికార్డు కింద దరఖాస్తు పెట్టి ఎంతవరకు వచ్చిందో అడగండి. అడగకపోతే ఎవరూ చెప్పరు.

చెక్కు మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకుని, ఆ తర్వాతే బ్యాంకుకి వెళ్లండి.